ఉత్తరం ఎవరి చేతి మీదుగా

స్త్రీల ఉత్తరాల మీద పనిచేసేవాళ్ళకి ట్రంకుపెట్టెలు కొత్త కాదు. పెళ్ళిచీర అడుగున, పాత మందుచీటీల మధ్య, దారం కట్టిన ఇన్‌లాండు లెటర్ల కట్ట ఒకటి దొరుకుతుంది. చెదపురుగులు తినగా మిగిలిందే చరిత్ర అని సరిపెట్టుకుంటాం. అయితే 1990ల చివరి నుంచి ఒక పదిహేనేళ్ళ పాటు చదువుకున్న ఆడవాళ్ళు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల్లో చాలా భాగం ఏ ట్రంకుపెట్టెలోనూ లేదు. అవి ఈమెయిళ్ళు. ఏ దేశంలో ఉందో తెలియని సర్వర్లో, ఎవరికీ గుర్తులేని పాస్‌వర్డు వెనకాల ఉన్నాయి. రెండేళ్ళ పాటు ఎవరూ తెరవని అకౌంట్లని తీసేస్తామని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ ఏడాది డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. చెదపురుగులు నయం, అంచులన్నా మిగులుస్తాయి.

నెల్లూరు జిల్లా పడమటి భాగంలో, ఆత్మకూరు, ఉదయగిరి చుట్టుపక్కల స్త్రీల ఉత్తరాలు సేకరిస్తూ నేను ఈ సమస్యలోకి వచ్చిపడ్డాను. (కర్నూలు వైపు ఆత్మకూరు కాదు, సోమశిల దగ్గరి ఆత్మకూరు. ఈ మాట ఎక్కడికెళ్ళినా చెప్పుకోవాల్సి వస్తుంది.) ఆ పనిలో నాకు అక్కరకొచ్చింది ఫెచ్‌మెయిల్ అనే ఒక చిన్న ప్రోగ్రాము. దానికి బొమ్మలుండవు, బటన్లుండవు. నల్లటి తెర మీద దాని పేరు టైపు చేసి ఎంటర్ నొక్కితే, దూరాన ఉన్న సర్వరు దగ్గరికి పోయి మన ఉత్తరాలు తెచ్చి మన కంప్యూటర్లో పెడుతుంది. అంతే దాని పని. తెలుగు పీహెచ్‌డీకి ఈ నల్ల తెరతో పనేమిటని విశ్వవిద్యాలయంలో నన్ను ఒకరిద్దరు వేళాకోళం చేశారు. పనుంది. దాని చరిత్ర వెతుక్కుంటూ పోతే, మనం ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్నే అక్కడా ఎదురైంది. ఉత్తరానికీ, అది అందాల్సిన మనిషికీ మధ్య ఎవరి చెయ్యి ఉంది?

మా అమ్మమ్మ తరానికి ఉత్తరం అంటే చదివించుకునేది. బ్రాంచి పోస్టాఫీసు చాలా ఊళ్ళల్లో పోస్టుమాస్టరు ఇంటి వసారాలోనే ఉండేది. బస్సులో సంచీ వస్తే అక్కడికక్కడే ముద్రలు కొట్టి, పేర్లు పిలిచి ఇచ్చేవాళ్ళు. చదివిపెట్టేది ఆయనో, బడిపంతులో, అయిదో తరగతి చదివే పక్కింటి పిల్లాడో. అత్తగారింట్లో పడుతున్న బాధ కూతురు రాయదు. రాస్తే ఆ మాట అమ్మ చెవిన పడేముందు ఇంకొకరి నోట్లోంచి రావాలని ఆమెకి తెలుసు. అందుకే ఆ కట్టల్లో ఏ ఉత్తరం విప్పినా అందరూ క్షేమమే. వర్షాలు పడ్డాయి, బర్రె ఈనింది, అందరం క్షేమం. వీటిని చదివి ఆ స్త్రీలకి చెప్పుకోవడానికి ఏమీ లేదనుకున్న విమర్శకులున్నారు. మధ్యలో కూర్చుని చదివే మనిషిని లెక్కలోకి తీసుకోకపోతే అలాగే అనిపిస్తుంది మరి.

1991 జనవరిలో జిల్లాలో అక్షరదీపం మొదలైంది. వాచకంలో సీతమ్మ కథ, 1992లో దూబగుంట, 'ఆడవాళ్ళు ఏకమైతే' పాఠం, 1993 ఏప్రిల్ 15న జిల్లాలో సారా నిషేధం, ఆ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా నిషేధం. ఈ క్రమం ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. దూబగుంట ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలంలో ఉంది. సారా ఉద్యమం గురించి రాసినవాళ్ళంతా రాత్రిబడిని ఉద్యమానికి మెట్టుగా చూశారు, సరైనదే. కానీ రాత్రిబడికి ఇంకో ఫలితం కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కూడబలుక్కుని అయినా సరే, తనకొచ్చిన ఉత్తరం తానే చదువుకునే ఆడవాళ్ళు కొంతమంది తయారయ్యారు. మధ్యలో చెయ్యి తప్పుకుంది. ఎంతకాలం? 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. కొత్త ఉత్తరానికి తెలుగు అక్షరం రాదు. రాత్రిబడిలో దిద్దుకున్న అఆలు ఆ తెర మీద పనికిరావు. మళ్ళీ ఎవరో చదివిపెట్టాలి.

ఇక ఫెచ్‌మెయిల్ సంగతి. అది పుట్టకముందు జరిగిన ఒక విషయం చెప్పాలి.

1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి ఉత్తరం పంపాడు. ఆ రోజుల్లో కంప్యూటరంటే సంస్థకొకటి ఉండే పెద్ద యంత్రం. ఉత్తరం ఆ యంత్రంలోనే ఉండేది, మనుషులే దాని దగ్గరికి పోయి చదువుకునేవాళ్ళు. 1980ల మొదట్లో బల్ల మీద పెట్టుకునే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. అవి రాత్రిళ్ళు కట్టేసి ఉంటాయి. ఉత్తరం వచ్చే సమయానికి తలుపు మూసి ఉంటే ఏం చెయ్యాలి? ఎప్పుడూ తెరిచి ఉండే యంత్రమొకటి ఆ ఉత్తరాన్ని దాచిపెట్టి, చిన్న కంప్యూటరు వచ్చి అడిగినప్పుడు ఇవ్వాలి. అంటే ఒక పోస్టాఫీసు కావాలి. అలా అడిగే పద్ధతికి మొట్టమొదటి నియమావళి 1984 అక్టోబరులో వచ్చింది. దాని పేరే పోస్టాఫీస్ ప్రోటోకాల్. ఇంటర్నెట్ నడిచే నియమాల్ని వరుస నంబర్లు వేసి అందరికీ అందుబాటులో పెట్టే పత్రాల్ని ఆర్‌ఎఫ్‌సీలంటారు. అందులో ఇది 918వది. రాసింది ఒక్కరే. జాయిస్ రేనాల్డ్స్ అనే స్త్రీ.

ఈ పేరు నాకు ఎవరూ చెప్పలేదు. పత్రం పైన ఉంది, అంతే. ఆమె దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో జాన్ పోస్టెల్‌తో కలిసి పనిచేసింది. 1983 నుంచి ఇంటర్నెట్ నంబర్ల జాబితాలు వాళ్ళిద్దరి పేరునా వచ్చేవి. సర్వరు ఒక్కటే అయినా దానికి చాలా తలుపులుంటాయి, ఒక్కో పనికి ఒక్కో తలుపు నంబరు. ఉత్తరం పంపడానికి 25, తెచ్చుకోవడానికి 110. ఏ నంబరు ఎవరిదో రాసిపెట్టి, రెండు పనులు ఒకే నంబరు మీద కొట్లాడుకోకుండా చూడటం ఆ జాబితా పని. 1994లో వచ్చిన 1700వ పత్రం ఆ వరుసలో చివరిది, అందులో ఆమె పేరే ముందుంది. ఆ తర్వాత జాబితా ఆన్‌లైన్‌లోకి మారింది. ఆ మారిన సంగతి చెప్పే పత్రం కూడా 2002లో ఆమే రాసింది. మధ్యలో 1989లో, మోరిస్ పురుగు ఇంటర్నెట్‌ని కుదేలు చేసిన ఘటన మీద ఒక పత్రం రాస్తూ దానికి నులిపురుగుల రోగం పేరు పెట్టింది. నంబర్ల పుస్తకం రాసే మనిషికి ఇంత హాస్యం ఉంటుందని ఎవరనుకుంటారు. పోస్టెల్ 1998లో చనిపోయాక, మిగతావాళ్ళు రాసిన పత్రాల్ని సరిదిద్ది ప్రచురించే సంపాదకత్వ భారం ఆమె, బాబ్ బ్రేడెన్ మోశారు. 2006లో పోస్టెల్ పేరిట ఇచ్చే పురస్కారం ఆ ఇద్దరికీ వచ్చింది. 2015 డిసెంబరులో ఆమె చనిపోయింది.

జాబితాలు రాయడం, నంబర్లు తగాదా పడకుండా చూడటం, పక్కవాళ్ళ రాతలు దిద్దడం. ఇంటి పనికీ, పత్రిక పనికీ అలవాటైన మనకి ఇదేమిటో వెంటనే అర్థమవుతుంది. ఏ రోజుకారోజు జరగాల్సిన పని, జరిగినంత కాలం ఎవరికీ కనపడని పని. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని వాళ్ళ మాటల్లోనే విన్నాం. సాంకేతిక చరిత్రకీ అలాంటి పని ఒకటి జరగాల్సి ఉంది. జాయిస్ రేనాల్డ్స్‌ని ఎవరో తొక్కిపెట్టారని నేను అనడం లేదు. ఆ రంగంలోవాళ్ళు ఆమెని గౌరవించారు, పురస్కారం ఇచ్చారు. బయటివాళ్ళకి చెప్పిన కథలోకి మాత్రం ఆమె రాలేదు.

ఆ కథ ఎవరిది? ఎరిక్ రేమండ్‌ది. 1990ల మధ్యలో ఆయన పెన్సిల్వేనియాలో చెస్టర్ కౌంటీ ఇంటర్‌లింక్ అనే చిన్న ఉచిత ఇంటర్నెట్ సంస్థ సాంకేతిక పనులు చూస్తూండేవాడు. ఉత్తరాలు అక్కడి యంత్రంలో పడేవి. వచ్చాయా లేదా అని మాటిమాటికీ అక్కడికి లాగిన్ అయి చూసుకోవడం ఆయనకి విసుగు. ఇంట్లో ఉన్న తన కంప్యూటరుకే అవి వచ్చిపడాలి. ఉన్న ప్రోగ్రాములు వెతికి, కార్ల్ హారిస్ రాసిన పాప్‌క్లయింట్ అనేదాన్ని 1996లో చేతిలోకి తీసుకుని, మార్చి, పెంచి, ఫెచ్‌మెయిల్ అని పేరు పెట్టాడు. తెచ్చిన ఉత్తరాన్ని తానే పెట్టెలో వెయ్యకుండా, ఇంటి కంప్యూటరులోని 25వ నంబరు తలుపు తట్టి మామూలు ఉత్తరంలా అప్పజెప్పడం దాని అసలు తెలివి. ఆ ఆలోచన హ్యారీ హాక్‌హైజర్ అనే వాడుకరి పంపిన కోడ్ నుంచి వచ్చిందని రేమండే రాశాడు. ఈ అనుభవం మీద 'కెథడ్రల్ అండ్ ది బజార్' అనే వ్యాసం రాసి 1997 మేలో జర్మనీలో జరిగిన లినక్స్ సభలో చదివాడు. 1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్‌ని బయటపెట్టడానికి ఆ వ్యాసం ఒక ప్రేరణ. 1999లో పుస్తకంగా వచ్చింది. ఉత్తరాలు మోసే ఇంత చిన్న ప్రోగ్రాము మీద ఇంత పేరున్న వ్యాసం ఇంకోటి లేదు.

వ్యాసం బాగుంటుంది, చదవండి. దాన్ని సాహిత్యంగా చదివితే మాత్రం నాకు ఒకచోట గొంతులో పడింది. మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా దాన్ని రాసేవాడు తన సొంత దురద గీక్కోవడంతో మొదలవుతుందని రేమండ్ మొదటి పాఠం. నిజమే కావచ్చు. అయితే ఎవరి దురద? ఇంట్లో సొంత కంప్యూటరు, ఎప్పుడంటే అప్పుడు వాడుకోగల లైను, రాత్రంతా కూర్చునే తీరిక ఉన్నవాడి దురద అది. తన ఉత్తరం చదవడానికి పరాయివాడి నోరు అరువు తెచ్చుకునే మనిషికి దురద లేదా? ఉంది, గీక్కోవడానికి చేతులు ఖాళీ లేవు. ఇంకొకటి. కథ ప్రోగ్రాము పుట్టుక దగ్గర మొదలై గెలుపు దగ్గర ఆగుతుంది. ఫెచ్‌మెయిల్ అక్కడ ఆగలేదు. 2004 నుంచి మథియాస్ ఆండ్రీ, రాబ్ ఫంక్ దాని బాధ్యత తీసుకున్నారు. భద్రతా లోపాలు పూడ్చడం, మారుతున్న సర్వర్లకి తగ్గట్టు సరిచెయ్యడం, వివరపత్రం రాయడం అప్పటినుంచీ సాగింది. అంట్లు తోమే పని గురించి ఎవరూ వ్యాసం రాయరు.

మన దేశంలో ఇలాంటి ప్రోగ్రాము అవసరం అమెరికాలో కన్నా ఎక్కువే ఉండేది. విఎస్‌ఎన్‌ఎల్ తొలి రోజుల షెల్ అకౌంట్లలో అక్షరాలు తప్ప బొమ్మలు లేవు. ఫోను లైను కలవాలి, కలిశాక నిలవాలి, నిమిషానికింత లెక్క. లైనులో కూర్చుని ఉత్తరం చదివితే ఫోను బిల్లు. గబగబా తెచ్చేసుకుని, లైను కట్టేసి, తీరిగ్గా చదువుకుంటే ఆదా. పోస్టాఫీస్ ప్రోటోకాల్ మూడో రూపం 1988లో వచ్చింది. దాన్ని రాసినవాళ్ళు లైను తెగిపోతుందని ముందే ఊహించారు. ఉత్తరం చెరిపెయ్యమని మనం చెప్పినా, సెలవని చెప్పి మర్యాదగా బయటికొచ్చేదాకా సర్వరు చెరపదు. మధ్యలో లైను పోతే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. గాలివానకి తెగే తీగల మీద బతికిన మావైపు వాళ్ళకి ఇంతకన్నా కావలసిందేముంది.

తెలుగు సంగతి చెప్తాను. 1990లలో ఈమెయిల్లో తెలుగు రాయాలంటే ఇంగ్లీషు అక్షరాలే గతి. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్ళు తయారుచేసిన ఆర్‌టిఎస్ పద్ధతిలో చిన్నబడి ఒక అక్షరానికి, పెద్దబడి ఇంకో అక్షరానికి గుర్తు. యూనికోడ్‌ వాడకం పెరిగాక తెలుగు తెలుగులాగే వచ్చింది కానీ, దారిలో మాత్రం వేషం మార్చుకుని ప్రయాణం చేస్తుంది. ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే మోయగలిగిన పాత దారుల మీద పోవడానికి ఆ మూడింటినీ నాలుగు అక్షరాలుగా మారుస్తారు. ఫెచ్‌మెయిల్ తెచ్చిన ఉత్తరాన్ని ఏ హంగూ లేకుండా తెరిస్తే 'అ' ఉండాల్సినచోట నాలుగంకె, ఎల్, సి, ఎఫ్ అని కనిపిస్తుంది. 'అమ్మ' అన్న మాటకి పదహారు అక్షరాలు. రెండో మకారం వత్తుగా పడాలంటే మధ్యలో హలంతు ఒకటి కనపడకుండా ప్రయాణిస్తుంది మరి. ఇలాంటి ఉత్తరాలు వందలు చూశాక, ఎక్కడ చూసినా నాలుగు-ఎల్-సి అని మొదలయ్యే వరసలు కనిపిస్తే ఇది తెలుగు అని విప్పకముందే గుర్తుపట్టగలుగుతున్నాను. తాళపత్రాల మీద పనిచేసేవాళ్ళకి గొలుసుకట్టు రాత అలవాటైనట్టు.

ఆత్మకూరులో నేను కలిసిన ఒక అక్క 2003లో పెళ్ళయి అమెరికా వెళ్ళింది. హెచ్-4 వీసా. అంటే భర్త ఉద్యోగం మీద ఆధారపడి ఉండే భార్య. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. కొంతమందికైనా ఆ అనుమతి 2015 మేలో గానీ రాలేదు. ఎంఎస్సీ చదివిన మనిషి ఆరేళ్ళు గదిలో కూర్చుంది. ఆ ఆరేళ్ళూ కాలేజీ స్నేహితురాళ్ళు ఇద్దరికి ఉత్తరాలు రాసింది. ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో. ఇంగ్లీషు అక్షరాల్లో నెల్లూరు తెలుగు. వంట గురించి, మంచు గురించి, భర్త మాట్లాడని రోజుల గురించి, చదివిన నవలల గురించి. మన ప్రవాస సాహిత్యంలో ఈ గొంతు ఎంత తక్కువ వినిపించిందో మీకు తెలుసు. ఇప్పుడామె తల్లిని చూసుకోవడానికి తిరిగొచ్చింది. యాహూ అకౌంటు ఇంకా బతికే ఉంది.

పాస్‌వర్డు నేను అడగను. ఫెచ్‌మెయిల్ సూచనలు రాసుకునే ఫైల్లో సర్వరు పేరు, అకౌంటు పేరు మాత్రం రాస్తాను. పాస్‌వర్డు అందులో లేకపోతే ప్రోగ్రామే ఆగి అడుగుతుంది. అసలు ఆ ఫైలుని యజమాని కాకుండా ఇంకెవరైనా చదవగలిగేట్టు ఉంచితే, ముందు దాన్ని మూసి రమ్మని చెప్పి పని చెయ్యనంటుంది. ఈ గుణం నాకెంతో నచ్చింది. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి నేను పక్కకి తిరిగాను.

"ఏం పడటంలేదే?" అంది.

"పడతాందక్కా, కనపడదంతే. చుక్కలు కూడా రావు. టైపు చేసి ఎంటర్ కొట్టు."

తర్వాత ఒక్కో ఉత్తరానికి ఒక్కో వరస కదిలింది. ఎన్నోది, ఎన్ని అక్షరాల బరువు, చివర అది అక్కడే ఉంచామన్న మాట. అడక్కపోతే ఫెచ్‌మెయిల్ తెచ్చిన ఉత్తరాన్ని సర్వర్లో చెరిపేస్తుంది. వద్దు, ఉంచు అని విడిగా చెప్పాలి. పరిశోధకురాలిగా నేను ఉంచమనే చెప్తాను. ఆమె ఆ వరసల్ని కాసేపు చూసింది.

"అయితే అయి యాడ ఉండేయి ఆడనే ఉంటాయా?"

"ఉంటాయక్కా. మనకి ఒక నకలు వస్తుంది."

"వద్దు. ఈడికి తెచ్చినాక ఆడ తీసెయ్. నా బాధంతా వాళ్ళ కంప్యూటర్లో ఎందుకు?"

చరిత్రకారిణికి ఇది వినడం కష్టం. మూలప్రతి ధ్వంసం చెయ్యమంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. కానీ మూలప్రతి ఏది? సర్వర్లో ఉన్నదీ నకలే, ఆమె చేతికొచ్చినదీ నకలే. పైగా ఆ ఉత్తరాలు ఆమె ఒక్కదానివే కావు. స్నేహితురాళ్ళు తిరిగి రాసినవీ ఉన్నాయి, వాళ్ళని నేను అడగలేదు. ఒక స్త్రీ అనుమతిస్తే ముగ్గురి రహస్యాలు వస్తున్నాయి. ఆ చిక్కు కాగితపు ఉత్తరాలకీ ఉంది కానీ, కట్టలో కాగితం పైన చేతిరాత చూసి ఇది ఇంకొకరిదని తీసి పక్కన పెట్టొచ్చు. ఇక్కడ జవాబు అడుగునే పాత ఉత్తరమంతా అతుక్కుని వస్తుంది. తెచ్చినవన్నీ రెండు పెన్‌డ్రైవుల్లో వేసి, లెక్క సరిచూసి, రెండూ ఆమె చేతికే ఇచ్చాను. స్నేహితురాళ్ళని ఆమే అడిగి, ఏవి నాకివ్వాలో ఆమే తేల్చుకుంటుంది. ఆ తర్వాత 'ఉంచు' అన్న మాట తీసేసి ఇంకోసారి నడిపాను.

ఉత్తరం పైన కనపడకుండా ఉండే వరసల గురించి కూడా చెప్పాలి. దారిలో ఏ సర్వరు చేతికి చిక్కితే అది తన పేరు, వేళ రాసి ముద్ర వేస్తుంది. కింది నుంచి పైకి చదవాలి. కాగితపు ఉత్తరం మీద ఆత్మకూరు ముద్ర, నెల్లూరు ముద్ర ఉన్నట్టే. మామూలుగా మెయిలు తెరిచేవాళ్ళకి ఇవి కనపడవు, ఫెచ్‌మెయిల్ మొత్తం తెచ్చి ముందు పెడుతుంది. వీటిలో ఆ అక్క ఎన్ని గంటలకి రాసిందో ఉంది. అక్కడి మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్య. ఆరేళ్ళూ దాదాపు అదే వేళ. దాని గురించి ఏ ఉత్తరంలోనూ ఆమె ఒక్క మాట రాయలేదు.

ఉదయగిరి వైపు పోతే కథ వేరు. కొండ కింద చెక్కగరిటెలు చేసే ఇళ్ళల్లో, చుట్టుపక్కల ఊళ్ళల్లో, అవతల బద్వేలు, రాజంపేట, రాయచోటి వైపు ఊళ్ళల్లోలాగే, కువైట్‌లో ఇంటిపనికి పోయొచ్చిన స్త్రీలున్నారు. పాస్‌పోర్టే యజమాని బీరువాలో ఉండే చోట వాళ్ళకి సొంత ఈమెయిల్ ఏమిటి? టేపురికార్డరు క్యాసెట్లలో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేవాళ్ళు. ఆ క్యాసెట్ల గురించి విడిగా రాయాలి. తపాలా శాఖ 2004 జనవరి 30న ఈ-పోస్ట్ అని ఒకటి మొదలుపెట్టింది. ఈమెయిల్ని పోస్టాఫీసులో కాగితం మీద అచ్చుతీసి, పేజీకి పది రూపాయల చొప్పున, పోస్టుమాన్ ఇంటికి తెచ్చిచ్చే ఏర్పాటు. పోస్టాఫీస్ ప్రోటోకాల్ చివరికి నిజం పోస్టాఫీసుకే చేరింది. ఆలోచన మంచిదే. కానీ అచ్చుతీసే మనిషి చదవకుండా ఉంటాడని ఎవరనుకుంటారు?

అక్కడ నేను మాట్లాడిన ఒక ఆమె రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. 2000ల మొదట్లో కువైట్ వెళ్ళింది. అదే వీధిలో పనిచేసే, పదో తరగతి చదివిన కడప అమ్మాయి, దొరికిన సెలవు శుక్రవారాల్లో నెట్ సెంటర్లో కూర్చుని, ఈమె చెప్పింది ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పంపేది. ఎవరికి? ఇంట్లో మెయిలు ఉన్నది తమ్ముడొక్కడికే. అమ్మకి రాసిందీ, చెల్లెలికి రాసిందీ, తాను వదిలిపోయిన కూతురికి రాసిందీ అన్నీ అతని పెట్టెలోనే పడేవి. అతను ఉదయగిరిలో నెట్ సెంటరుకి పోయి చదివి, ఇంటికొచ్చి చెప్పేవాడు. "చెప్పినంత చెప్పేవాడు" అని ఆమె నవ్వింది. డబ్బు ఎంత పంపిందో బాగా గుర్తుండేదట, కూతురి గురించి రాసింది మరిచిపోయేవాడట.

ఒకే పెట్టెలో ఇంటిల్లిపాది ఉత్తరాలు పడే ఈ పద్ధతికి ఫెచ్‌మెయిల్లో మల్టీడ్రాప్ అని పేరుంది. ఆఫీసుకంతా ఒకే ఫోను, ఒకే అకౌంటు ఉన్న రోజుల్లో దాని అవసరం ఉండేది. ప్రోగ్రాము పెట్టెలోంచి అన్నీ తెచ్చి, పైన రాసిన పేర్లు చదివి ఎవరివి వాళ్ళకి పంచుతుంది. ఇందులో ప్రమాదం ఉందని దాని వివరపత్రమే గట్టిగా హెచ్చరిస్తుంది. పైన పేరు లేకుండా వచ్చిన ఉత్తరం ఎవరిదో దానికి తెలియదు. తెలియని ఉత్తరాలన్నీ పోస్టుమాస్టరు అని పెట్టిన పేరుకి పోతాయి. ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు, ఇది కంప్యూటర్ల గురించా, మా ఇళ్ళ గురించా అని ఆగిపోయాను.

ఆ ఉత్తరాలు ఆమెకి కావాలి. ముఖ్యంగా కూతురికి రాసినవి. ఇప్పుడు కూతురికి పెళ్ళయింది, అమ్మ నాకు ఒక్క ఉత్తరం రాయలేదని ఇప్పటికీ అంటుందట. అవి తమ్ముడి జీమెయిల్లో ఉన్నాయి. 2022 మే చివరి నుంచి గూగుల్, పేరూ పాస్‌వర్డూ చెప్పి వచ్చే ఫెచ్‌మెయిల్ లాంటి ప్రోగ్రాములని వ్యక్తిగత అకౌంట్లలోకి నేరుగా రానివ్వడం మానేసింది. రెండంచెల తనిఖీ పెట్టుకుని, ఆ ప్రోగ్రాముకని పదహారు అక్షరాల పాస్‌వర్డు విడిగా తీసుకోవాలి. దొంగల నుంచి కాపాడటానికే, కాదనను. కానీ ఆ తనిఖీ అంకెలు పోయేది తమ్ముడి ఫోనుకి. ఆమె రాసుకున్న ఉత్తరాలు ఆమె కూతురికి అందాలంటే తమ్ముడు ఫోను తీసి ఆరంకెలు చదవాలి.

అతను మంచివాడే, ఇవ్వనని అనలేదు. చెన్నైలో ఉంటాడు, పనిలో ఉన్నప్పుడు ఫోను ఎత్తడు. మేం ముగ్గురం, ఆమె, నేను, పక్కింటి అమ్మాయి, రెండు ఆదివారాలు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాం. రెండోసారి అంకెలు చెప్పాడు కానీ, ఆమె రాసుకుని నాకు చెప్పేలోపల గడువు దాటింది. అంకెలు ఆమే రాసుకుంది, ఎర్ర పెన్నుతో, క్యాలెండరు మీద. సంక్రాంతికి వస్తానన్నాడట. అప్పుడు ఇంట్లోనే కూర్చోబెట్టి తీసుకోవచ్చంటోంది.